తరుగు

మొఖాలు నాకు యాదికుండయి.
సంచి కుట్టు చూస్తే మాత్రం ఎవరిదో చెప్త.
నలభయ్యేండ్లు ఎనుమాముల యార్డుల హమాలీని.

బొల్లపెల్లి ఐలుమల్లు సంచి మూతికి
ఎర్రదారంతోటి ఏడు కుట్లు,
చివర చెవి లెక్క ఒక మెలిక.
నా కొక్కెం దానికి తగిలితే
"పైలం తమ్మి, సంచి గూడ పైసలే" అనేటోడు.

పరకాల అవతల కంచెరపల్లి ఆయనది.
చపాట మిర్చి, పద్నాలుగు సంచులు.
ఆ పొద్దు కాంటకాడి గుమస్తా
సంచికి రెండు కిలోలు తరుగన్నడు.
దేనికని అడిగితే
తేమకన్నడు, తొడిమకన్నడు, దుమ్ముకన్నడు,
ఆఖరికి ఆచారమన్నడు.

ఐలుమల్లు చెప్పులిడిసి
కాంట మీదికెక్కి కూసున్నడు.
"నన్ను జోకు.
దుమ్మున్నది, చెమటున్నది,
నాకెంత తీస్తవో తీయ్."
యార్డంత నవ్వింది.
నవ్వి నవ్వి మెల్లగ ఊకున్నది.
కాంట యాభైతొమ్మిది కాడ ఆగింది.

ఆయన రాజకీయం ఆన్నే మొదలు.
తర్వాతి యేడు సర్పంచి,
బర్లకొట్టంలనే ఆఫీసు.
ఆ మీద మండలాధ్యక్షుడు.
ఇద్దరు పెద్దోళ్లు కొట్లాడుకుంటే
నడిమిట్ల జారిపడ్డ టికెట్టుతోటి
ఒక్కసారి ఎమ్మెల్యే.

"ఇది గూడ జెండా పాటనే సారంగం" అనేటోడు.
పొద్దుగాల ఒక్క కుప్పకు మంచి రేటు పలుకుతది,
పేపర్ల అదే పడ్తది.
వెనుకున్న వెయ్యి కుప్పల్ని
మధ్యాహ్నందాక ఎవ్వడు ముట్టడు.

అసెంబ్లీల తరుగు మీద మాట్లాడిండంట,
నాలుగు నిమిషాలు.
ఐదో నిమిషంల మైకు కోసిండ్రంట.
"ఆడ గూడ తీసిండ్రు" అన్నడు
మా కాడ నిలవడి చాయ్ తాగుకుంట.

ఎలక్షన్‌కో మడి పోయింది.
బాయికాడి ఎకరం, రెండెకరాల చెల్క,
ఎమ్మెల్యేకు మామిడితోట.
లచ్చవ్వ అన్నదంట,
"ఓట్లు జోకేటప్పుడు నన్ను గూడ పిలువుండ్రి,
అందుల నా గుండ్లపేరున్నది."

రెండోసారి టికెట్ రాలే.
మార్కెట్ చైర్మన్‌ను చేసి సల్లవెట్టిండ్రు.
మనోడే గదా అని పోయినం,
సంచికి రూపాయి పెంచుమన్నం.
"మీ రూపాయి షావుకారి జేబుల కెల్లి రాదు,
రైతు తక్‌పట్టీల కోస్తడు.
నేను సంతకం పెట్ట."

కొక్కేలు కిందేసినం.
తిట్టినం, అందరికన్న ముందు నేనే.
ఆయన తల్లిని గూడ తిట్టిన.
ఇప్పుడు చెప్పాలంటే సిగ్గైతది.

మూడోనాడు పగటీలి
భద్రకాళి చెరువు దిక్కుకెల్లి మబ్బు లేసింది.
ఆరుబయట ఎన్ని వేల సంచులో.
చైర్మన్ ఒక్కడే తాటిపత్రి గుంజుతుండు,
గాలికి అది ఆయన్నే గుంజుతాంది.
తెల్లంగి మిర్చి నీళ్లకు తడిసి
రొమ్ముకాడ ఎర్రగయ్యింది.
మాల ఎవరు ముందు లేచిండ్రో తెల్వది.
అందరం ఉరికినం.

తెల్లారి అర్ధరూపాయికి సంతకం పెట్టిండు.
రైతులు తిట్టిండ్రు.
మేమూ తిట్టినం.

మళ్ల సొంతూర్ల సర్పంచికి నిలవడితే
పంతొమ్మిది ఓట్లతోటి పోయిండు.
ఆ సంగతి ఎన్నడు ఎత్తలే.

మొన్న మాఘమాసంల ట్రాలీ దిగింది.
ఆరు సంచులు.
కుట్లు ఐదే,
మెలిక మాత్రం ఉన్నది.
కరెంటు కాంట కాడ ఒక పోరడు,
ఫోన్ల నుంచి తల ఎత్తకుంటనే
"కిలో తరుగు తాతా" అన్నడు.

కిలో.
రెండు కాదు.

ఐలుమల్లు నా దిక్కు చూసిండు.
నవ్విండో, ఎండకు కండ్లు చికిలించిండో.
ఆయనెవరో పోరనికి నేను చెప్పలే.
ఆయనా చెప్పలే.

తక్‌పట్టీ కండ్ల దగ్గర పెట్టుకొని
మొత్తం సదివి,
"హమాలి సంచికెంతయ్య ఇప్పుడు?" అన్నడు.
చెప్పిన.
వేళ్ల మీద లెక్కవెట్టి
సరిగ్గ అంతే ఇచ్చిండు.
రూపాయి ఎక్కువియ్యలే.

ఇస్తే బాధైతుండె.